కప్పనక్కరలేని తీగ

ఒక మనిషి బతుకంతా అడుగుతూ వచ్చిన ప్రశ్నకు, ఆయన మీద ప్రేమకొద్దీ ఇంట్లోవాళ్లే జవాబు తయారుచేసి చేతిలో పెడితే, దాన్ని ప్రేమ అనాలా, దొంగతనం అనాలా? ఆ వసంతంలో ఈ మాట నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో చెప్పలేను. అడిగిన ప్రతిసారీ ఒంట్లో వేడి పుట్టింది తప్ప జవాబు పుట్టలేదు. కోపం ఆలోచనను చెరుపుతుందని చదువుకున్నవాణ్ణి. ఆ రోజుల్లో మాత్రం నా చేత ఆలోచన చేయించింది కోపమే.

ఆ ఏడు చలికాలం మంచు లేకుండా వచ్చింది. మంచు కురిస్తే నేలకు దుప్పటి పరిచినట్టు, దాని కింద వేళ్లు వెచ్చగా పడుకుంటాయి. జనవరి అంతా ఆకాశం నీలంగా, నేల నల్లగా ఉండిపోయింది. నేల మీద కాలు పెడితే రాతి మీద పెట్టినట్టు చప్పుడయ్యేది. అలాంటి చలికాలం ఏం తీసుకుపోయిందో ఏప్రిల్ దాకా తెలియదు. ఏప్రిల్ చివర్లో, భూర్జ చెట్లకు గాటు పెట్టి తియ్యటి నీరు పట్టుకునే రోజుల్లో, జెంతా మా ఇంటికి వచ్చింది.

జెంతాది అబవ నదికి అవతలి ఒడ్డు. భర్త పోయాక, ఆవులను సాకే ఓపిక లేక, ఎండ తగిలే వాలునేల అంతా మా ద్రాక్ష పెట్టింది. మా ద్రాక్ష అంటే నా భార్య ఇల్గా తండ్రి, మా మామయ్య ఏవాల్డ్స్ పుట్టించిన రకం. మా లాత్వియాలో ద్రాక్ష పెంచే ప్రతివాడూ ఆకు రాలగానే తీగను పందిరి మీంచి దించి, నేల మీద పడుకోబెట్టి, సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ చెట్టు కొమ్మలు కప్పుతాడు. వసంతంలో మళ్లీ లేపి కడతాడు. మామయ్యకు కావలసింది ఒకటే: కప్పకుండా బతికే తీగ. ఒకదాని పుప్పొడి మరోదాని పూత మీద చల్లి, గింజ నాటి, మొలిచినవాటిని చలికి వదిలేసి, చచ్చినవాటిని పీకేసి, బతికినదానితో మళ్లీ మొదలుపెట్టడం, యౌవనం నుంచి ముసలితనం దాకా ఆయన చేసింది ఇదే. దొరికిందని నమ్మిన రోజున ఆ తీగకు భార్య పేరు పెట్టాడు. వెల్తా.

జెంతా వంటింట్లోకి వచ్చి, చేతిలోని ఎండుకొమ్మల కట్టను బల్ల మీద, రొట్టె పక్కన పడేసింది.

"ఏమయ్యా ఏవాల్డ్స్, నీ వెల్తా చచ్చిపోయింది."

పొయ్యి దగ్గర పుల్లాకుల చారు కలుపుతున్న అత్తయ్య వెనక్కి తిరిగింది. "నేను బాగానే ఉన్నా జెంతా. కూర్చో. భూర్జ నీళ్లు తాగు."

"నీ సంగతి కాదులే తల్లీ. నా పొలంలోవి. వరసకి వరస పోయాయి. వెల్తాలన్నీ చచ్చాయి."

మామయ్య నవ్వలేదు. జేబులోంచి చాకు తీసి ఒక కొమ్మ మీద చిగురు పుట్టే కన్నును అడ్డంగా కోశాడు. బతికిన కన్ను లోపల పచ్చగా ఉంటుంది. ఇది తడిసిన పొగాకులా ఉంది. ఇంకొకటి కోశాడు. ఆ పక్కది కోశాడు. బెరడు గీకాడు.

"ఆగస్టులో పేడ వేశావా?"

"వద్దన్నావుగా, కొమ్మ ముదరక చలికి చస్తుందని. వేయలేదు."

"నీళ్లు పెట్టావా?"

"వాన తప్ప చుక్క పెట్టలేదు."

"కలుపు ఉందా?"

"నా పొలంలో కలుపు ఎప్పుడైనా చూశావా? సామూహిక పొలం రోజుల నుంచి ఎరుగుదువు నన్ను."

"చలికాలం కప్పావా?"

జెంతా ఆయన వైపు వింతగా చూసింది. "ఎందుకు కప్పుతాను? కప్పక్కర్లేదనేగా అమ్మారు. నీ కొడుకు మోద్రిస్ ప్రతి మొక్క మెడకీ ఆ మాట రాసిన చీటీ కట్టి మరీ అమ్మాడు."

మామయ్య చాకు మడిచి నా వైపు తిరిగాడు. "ఉల్దిస్, వాలు మీదకి పోయి తల్లితీగ కొమ్మ ఒకటి కోసుకురా."

"ఇప్పుడెందుకు, దారంతా బురద," అంది అత్తయ్య. "చారు చల్లారిపోతుంది. తిన్నాక వెళ్తాడులే."

"ఇప్పుడే," అన్నాడు మామయ్య.

అమ్మే మొక్కలన్నిటికీ కొమ్మలిచ్చిన ఆ తల్లితీగ ఉన్నది పశువుల కొట్టం దాటి, భూర్జ తోపు వెనక. ఇంట్లోంచి కనబడదు. దాని ఆలనాపాలనా అంతా అత్తయ్యది. దాని మీద ఆవిడ ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు. నేను చలికాలమంతా పట్నంలో కలప కోతమిల్లులో పనిచేస్తాను. చీకటితో వెళ్లి చీకటితో వస్తాను. తుంటి విరిగినప్పటి నుంచి మామయ్య నవంబరు తర్వాత గుమ్మం దిగడు. నేను గబగబా ఎక్కి, చేతికందిన కొమ్మ కోసి, వెనక్కి పరిగెత్తాను. కోసిన చోట నీరు ఊరి నా మణికట్టు మీదుగా కారింది. వసంతంలో బతికున్న తీగను కోస్తే అలాగే ఏడుస్తుంది.

ఆ కొమ్మను మామయ్య బల్ల మీద నిలబెట్టి పట్టుకున్నాడు. చుక్క జారి జెంతా తెచ్చిన ఎండుపుల్లల మీద పడింది.

"చూశావా? తీగ అదే. చలీ అదే. ఇది బతికింది, అది చచ్చింది. తేడా ఇంకెక్కడుంది? చేతిలో ఉంది."

జెంతా తన చేతుల వైపు చూసుకుంది. "ఈ చేతులతో దూడల్ని బయటికి లాగాను. మొగుణ్ణి కడిగి సాగనంపాను. తీగల్ని చంపడం ఎప్పుడు నేర్చాయో నాకే తెలీదు." చేతితొడుగులు వేసుకుని వెళ్లిపోయింది. అత్తయ్య పోసిన నీళ్లు ముట్టలేదు.

మామయ్య చారు తాగుతూ, ఓడినవాళ్లు నేలనో తీగనో తిడతారు తప్ప తమను తాము పరీక్షించుకోరని అన్నాడు. ఆయన మాట నాకు న్యాయంగానే తోచింది. వాలు మీద బతికున్న కొమ్మను నా చేత్తోనే కోశాను కదా.

ఆ తొందరలో కొమ్మను వంకరగా కోశాను. గాయం నున్నగా లేకపోతే తెగులు పడుతుంది. దాన్ని సరిచేయడానికి ఆ వారంలోనే మళ్లీ వాలు ఎక్కాను. వంగి చూస్తే కొమ్మకు ఒక పక్క మాత్రమే ఎండిన బురద ఉంది. నేలకు ఆనుకుని పడుకున్న కొమ్మకు అడుగుపక్క అంటే బురద అది. చలికాలమంతా పందిరి మీద నిలబడ్డ కొమ్మకు బురద ఎలా అంటుతుంది? బెరడు చీలికల్లో గోధుమరంగు సూదులు ఇరుక్కుని ఉన్నాయి. స్ప్రూస్ ఆకులు. ఆ వాలు మీద స్ప్రూస్ చెట్టు ఒక్కటీ లేదు.

నేల మీద చతికిలబడ్డాను. నవంబరులో శ్మశానంలో దీపాలు పెట్టే సాయంత్రం ముందు, చలికాలానికి సమాధుల మీద పరచడానికని మోద్రిస్ స్ప్రూస్ కొమ్మలు తెచ్చాడు. ట్రాక్టరు ట్రెయిలరు నిండా తెచ్చాడు. మా ఇంటి సమాధులు రెండే. అన్ని కొమ్మలు ఎందుకని ఆ రోజు నాకు తోచనేలేదు. చనిపోయినవాళ్ల పేరు చెప్పి తెచ్చిన కొమ్మల విషయంలో లెక్క అడగడం మా వాళ్లలో లేదు.

అత్తయ్య నేలమాళిగలో విత్తనం బంగాళాదుంపలు ఏరుతూ ఉంది. మెట్ల మీద నిలబడే అడిగాను.

"అత్తయ్యా, తల్లితీగను కప్పారా?"

ఆవిడ చేతిలోని దుంప మొలకలు తుంచడం ఆపలేదు. "ఎవరు చెప్పారు?"

"కొమ్మకి ఒక పక్క బురద ఉంది."

"శుభ్రంగా తుడవరా అని చెప్పాను మోద్రిస్‌కి. ఒక్క పనీ తిన్నగా చేసి చావడు."

ఆవిడ ఆ దుంపను గంపలో వేసి ఇంకొకటి తీసుకుంది.

"మొదట ఆయన తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు. రేడియోలో చలి, చలి అని ఒకటే గోల. ఆయన అక్కడ మంచం మీద, అది ఇక్కడ వాలు మీద. నా పేరు పెట్టుకుంది కదా, ఊరుకోలేకపోయాను. కొమ్మలు చంకలో పెట్టుకుని మోసుకుపోయి కప్పాను. వసంతంలో కర్ర పట్టుకుని ఎక్కాడు. కన్ను పచ్చగా ఉండడం చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వెల్తా, బతికిందే, అన్నాడు. ఏమని చెప్పను?"

"అప్పుడే చెప్పాల్సింది."

"చెప్పాల్సినవన్నీ నువ్వు ఇల్గాకి ఎప్పటికప్పుడు చెప్పేస్తున్నావా?"

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ప్రతి ఏడూ. ఒకసారి కప్పాక మానడం ఎలా? మానితే చస్తుంది. చస్తే తెలుస్తుంది."

"అంతకుముందు?"

"అంతకుముందు చలికాలాలు మెత్తగా వచ్చాయి. గుర్తులేదా, ముంగిట్లో గులాబీలు కూడా బతికాయి."

అంటే ఆ తీగ అసలైన చలిని కప్పు లేకుండా ఒక్కసారీ చూడలేదు. దాని మెడలో కట్టిన 'కప్పనక్కర్లేదు' అన్న మాటకు ఆధారం, ముంగిట్లో గులాబీ గురించి అదే మాట అంటే ఎంత ఉంటుందో అంతే ఉంది.

"మరి జెంతా?" అన్నాను.

అత్తయ్య మొదటిసారి నా కళ్లలోకి చూసింది. "జెంతా ఇంకో పంట పెట్టుకుంటుంది. ఆయనకి ఇంకో బతుకు లేదు. చెప్పకు నాయనా."

ఆవిడ గొంతులో అపరాధం లేదు, వేడుకోలు ఉంది. నన్ను మండించింది అదే. ఒక మనిషిని కాపాడటం కోసం ఇంకో మనిషిని వంటింట్లో నిలబెట్టి నీ చేతిదే తప్పు అనిపించి, పొయ్యి దగ్గర చారు కలుపుతూ నిలబడగలగడం ఎలాంటి ప్రేమ? ఆయన చలిని ప్రశ్న అడిగాడు. చలి ఏం చెబుతుందో వినడానికి యౌవనం ఇచ్చేశాడు. చలి నోరు విప్పకముందే వీళ్లు దాని నోరు మూశారు.

శనివారం సాయంత్రం ఆవిరిస్నానానికి మోద్రిస్ వచ్చాడు. ఇల్గాకు అన్న, నాకు బావ. మొక్కలు పెంచి అమ్మే వ్యవహారమంతా అతనిదే. పై చెక్క మీద ఇద్దరమే కూర్చున్నాం. ఆవిరిస్నానం ఆనవాయితీ ప్రకారం అతను భూర్జ రెమ్మల కట్టతో నా వీపు మీద బాదుతున్నాడు.

"అమ్మ చెప్పింది. నువ్వు పెద్ద పరిశోధన చేశావట."

"ఆ మొక్కలు అమ్మడం ఆపు బావా."

"వచ్చే శనివారం మొక్కల సంత. వ్యానెడు మొక్కలు కుండీల్లో కూర్చున్నాయి. ఆపమంటే ఆగుతాయా, ఆకులేస్తున్నాయి. తిరుగు, ఇటు పక్క."

"కప్పనక్కర్లేదని అబద్ధం చెప్పి అమ్ముతున్నావు."

"అబద్ధం ఎక్కడుంది? మెత్తటి చలికాలంలో కప్పక్కర్లేదు. నిజమే కదా. గట్టి చలి వస్తే కప్పుకోవాలని బుద్ధున్నవాడికి తెలీదా? కప్పక్కర్లేదన్నాం గానీ కప్పొద్దు అనలేదే."

"మీరు మాత్రం కప్పుకున్నారు."

"మాకు బుద్ధుంది."

కాలిన రాళ్ల మీద నీళ్లు పోశాడు. ఆవిరి ముఖం మీదికి కొట్టింది.

"జెంతాకి ఏం చెబుతావు?"

"జెంతా మన మనిషి. ఊరికే కొత్త మొక్కలు ఇస్తాను."

"ఏ మొక్కలు?"

"అవే."

ఆ మాట అతను హాస్యానికి అనలేదు. నిజంగానే ఉదారంగా అన్నాడు. కోపంతో నేను కిందికి దిగబోతే భుజం పట్టుకున్నాడు.

"చూడు, ఇల్లరికం అల్లుడివి. నిన్నూ ఎక్కడినుంచో తెచ్చి ఇక్కడ నాటాం. వేళ్లు పట్టావు, సంతోషం. మేమేమైనా నీ వేళ్లు తవ్వి చూశామా? నాన్న ఇంకెన్నాళ్లు ఉంటాడు? సంతోషంగా పోనీ. ఆయన తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు ఊరంతా దండోరా వేసుకో."

"అప్పటిదాకా పెట్టినవాళ్ల తీగలు?"

"పోతే పోతాయి. ఇది వ్యవసాయం. కోడిగుడ్డు కాదు, పగలకుండా ఇంటికి చేర్చడానికి."

చన్నీళ్లు పోసుకుని బయటికి వచ్చాను. ఇల్గా బల్ల మీద కూర్చుని తల తుడుచుకుంటోంది. అంతా చెప్పాను. తనకు తెలియదు. తెలియదని ఆమె తువ్వాలు చేతిలోంచి జారిన తీరు చెప్పింది. కింద పడ్డదాన్ని తీసుకుంటూ, "నాన్న తట్టుకోలేడు," అంది.

"నువ్వూ ఆయన మీద కొమ్మలు పరుస్తున్నావా?"

"ఆ మాట నీకు తేలిక. నీ నాన్న కాదు."

అది నిజం. నా కోపంలో ఆయన కోసం ఉన్నదెంత, ఈ ఇంట్లో పరాయివాడిగా మిగిలినందుకు ఉన్నదెంత అని విడదీసి చూసుకున్నాను. రెండోది సున్నా కాదు. అయినా కోపానికి గల కారణాల్లో ఒకటి మురికిదైనంత మాత్రాన జెంతా తీగలు మళ్లీ చిగురించవు. ఇల్గా లేచింది.

"చెప్పేవాడివైతే నేను ఇంట్లో ఉన్నప్పుడు చెప్పు. ఆయన్ని ఒక్కణ్ణి చేసి చెప్పకు."

అప్పటికి చెప్పాలని గట్టిగా అనుకోలేదు. ఆ వారమంతా మామయ్య ముఖం చూసిన ప్రతిసారీ నోటిదాకా వచ్చిన మాట వెనక్కి పోయింది. ఆయన ఉత్సాహంగా ఉన్నాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ రాని గట్టి చలికి తన తీగ నిలబడిందని ఫోను చేసినవాళ్లందరికీ చెప్పాడు. మా తీగ పోయిందండీ అని అటువైపు ఎవరైనా అంటే, పేడ వేశారా అని అడిగేవాడు.

సంత రోజు పొద్దున్నే మోద్రిస్ వ్యానుతో వెళ్లిపోయాడు. నేను లేచేసరికి మామయ్య నల్లకోటు వేసుకుని, టై కట్టుకుని బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"కారు తియ్యి ఉల్దిస్. నేనూ వస్తాను. జెంతా నాలుగూళ్లూ తిరిగి చెప్పుకుంటోందట, ఏవాల్డ్స్ తీగ మోసమని. ఇవాళ అక్కడికి వస్తుంది. అందరి ముందూ నిలబెట్టి అడుగుతాను, ఆగస్టులో పేడ వేశావా లేదా అని. వేసే ఉంటుంది. వేయకపోతే అలా చావదు."

ఆయన తర్కంలో ఎక్కడా లోపం లేదు. తల్లితీగ కప్పు లేకుండా బతికింది. కాబట్టి తీగ గట్టిది. కాబట్టి చేయి చెడ్డది. మొదటి వాక్యం ఒక్కటే అబద్ధం. దాన్ని ఆయన చేతికి ఇచ్చినవాళ్లు ఇప్పుడు ఆయన చేత ఒక విధవరాలిని సంతలో నిలబెట్టి నిలదీయించబోతున్నారు. అత్తయ్య ఆయన కోటు మీది దారపు పోగు తీస్తూ ఉంది. ఇల్గా గుమ్మంలో ఉంది. నా వైపు చూసి తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. లోపలికి వచ్చి తండ్రి కుర్చీ వెనక నిలబడింది.

"మామయ్యా," అన్నాను, "తల్లితీగను కప్పారు. ఈ చలికాలం కూడా."

అత్తయ్య చెయ్యి ఆయన భుజం మీదే ఆగిపోయింది. ఆయన నన్ను అబద్ధమా అని అడగలేదు. మెల్లగా తల తిప్పి భార్యను చూశాడు.

"ఎంత మందంగా?"

"రెండు వరసలు," అంది అత్తయ్య. ఆయన భుజం మీంచి చెయ్యి తీస్తూ, "పైన దుప్పటి," అంది.

"ఏ దుప్పటి?"

"నీ ఉన్ని దుప్పటి. గోధుమరంగుది."

"అది పురుగు కొట్టి పోయిందన్నావు."

అత్తయ్య కోటు మీంచి తీసిన పోగును వేలికి చుట్టుకుంది.

"ఎప్పటినుంచి?"

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పటి నుంచి."

ఆయన పెదవులు కదిలాయి. చలికాలాలను ఒక్కొక్కటే వెనక్కి లెక్కపెట్టుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. ఎక్కడో ఆగాడు. టై ముడిలో వేలు పెట్టి వదులు చేసుకున్నాడు.

"అయితే నా తీగ ఎలాంటిదో నాకు తెలియదు," అన్నాడు. "జెంతాకి తెలుసు."

కర్ర అందుకుని లేచాడు. అత్తయ్య ఏదో అనబోతే చెయ్యి ఎత్తాడు. "నీతో తర్వాత మాట్లాడతా వెల్తా. ఇప్పుడు మాట్లాడితే మంచి మాట రాదు."

మేము జెంతా పొలానికి వెళ్లేసరికి ఆవిడ ఇంకా సంతకు పోలేదు. వాలులో చచ్చిన తీగలు తవ్వి కుప్ప వేస్తోంది. మమ్మల్ని చూసి పార నేలలో గుచ్చి, దాని మీద రెండు చేతులూ ఆనించింది.

"మళ్లీ పేడ సంగతి అడగడానికి వచ్చావా?"

"మాది కప్పిన తీగ," అన్నాడు మామయ్య. "మా వాళ్లు కప్పారు. నాకు తెలియదు. నీ చేతిలో తప్పు లేదు."

"అది నాకు ముందే తెలుసు." ఆవిడ గొంతు పెరగలేదు. "నీకు ఎప్పుడు తెలుస్తుందా అని చూస్తున్నా."

మామయ్య కుప్ప వైపు చూస్తున్నాడు. "నలభై ఏళ్లు నేను పెట్టాలనుకున్న పరీక్ష ఇక్కడ జరిగింది జెంతా. నీ పొలంలో."

"నీ పరీక్షకి నా పొలమే దొరికిందా?"

జెంతా తలగుడ్డ అంచుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఇంతకీ ఇది నాకు చెప్పి ఏం లాభం అబ్బాయ్? నాకు చావులు ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్లెదురుగా ఉన్నాయి. అక్కడ సంతలో మీ మోద్రిస్ ఏం అమ్ముతున్నాడు? విద్జెమె కొండల నుంచి జనం వస్తారు. మా కంటే చలి ఊళ్లు వాళ్లవి. వాళ్లకి ఎవరు చెబుతారు?"

మామయ్య కారు వైపు ఒక అడుగు వేశాడు. కర్ర మెత్తటి మన్నులో దిగబడి ఆగిపోయాడు. జెంతా బోర్లించిన బక్కెట్టు ఒకటి కాలితో ఆయన దగ్గరికి నెట్టింది.

"కూర్చో. ఈయన్ని ఇక్కడ వదిలిపో అబ్బాయ్. కాఫీ ఇస్తా. విషం కలపనులే."

ఆయన బక్కెట్టు మీద కూర్చుని, కుప్పలోంచి ఒక తీగను వేళ్లతో సహా లాక్కుని, ఒళ్లో పెట్టుకుని చాకు తెరిచాడు. "ఈ వేరు ఎంత లోతు నుంచి వచ్చింది?" అని అడిగాడు. జెంతా మోకాటి దాకా చూపించింది. నా వైపు చూడకుండానే, "నువ్వు వెళ్లు. నేనిది చూడాలి," అన్నాడు.

దారిలో నాకు నేను సర్దిచెప్పుకోవడానికి చాలా దూరం ఉంది. మోద్రిస్‌ను పక్కకు పిలిచి చెప్పవచ్చు. తండ్రికి తెలిసిపోయింది, ఇక ఆపు అంటే ఆపవచ్చు. ఆపకపోతే నా బాధ్యత తీరిపోతుంది. ఈ ఆలోచన ఎంత సౌకర్యంగా ఉందో చూసి నాకే అసహ్యం వేసింది. ఈ ఇంట్లో అందరూ అందరినీ పక్కకు పిలిచే మాట్లాడారు. జెంతాను మాత్రమే నలుగురి ముందు మాట అన్నారు.

సంత నిండా జనం. టమాటా నారు, యాపిల్ అంట్లు, పీట్ అనే నాచుమన్ను వాసన. మోద్రిస్ బల్ల ముందు వరస పొడుగ్గా ఉంది. అతని గొంతు దూరానికే వినిపించింది. "లాత్వియా మొత్తంలో కప్పకుండా బతికే ద్రాక్ష ఇదొక్కటేనండీ. ఈ చలికాలం తట్టుకుంది, మా కొండ మీద వచ్చి చూసుకోండి." నన్ను చూసి చెయ్యి ఊపాడు. "బావా, సమయానికొచ్చావు. ఆ పెట్టె ఇటు అందుకో."

వరస మొదట్లో ఒక నడివయసు స్త్రీ రెండు కుండీలు గుండెకు ఆనించి పట్టుకుని ఉంది. ఆమె భర్త సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు. "మాది కొండమీది ఊరు, చలి ఎక్కువ," అంటోంది ఆమె. "నిజంగా కప్పక్కర్లేదా?"

మోద్రిస్ నోరు తెరిచేలోపే నేను పెట్టె దాటి బల్ల ముందుకు వచ్చాను. పక్కకు పిలవకూడదని అప్పుడు నిశ్చయించుకున్నాను.

"అవి కింద పెట్టండమ్మా," అన్నాను, వరస చివరిదాకా వినబడేట్టు. "ఇవి చలికి చస్తాయి. మా ఊళ్లో చచ్చాయి. కొండ మీద బతికినదాన్ని మా వాళ్లు రెండు వరసల కొమ్మలూ దుప్పటీ కప్పి కాపాడారు."

"బావా," అన్నాడు మోద్రిస్.

ఆమె నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసింది. "మీరెవరు?"

"ఈ తీగ పుట్టించినాయన అల్లుణ్ణి."

"బావా," అన్నాడు మోద్రిస్ మళ్లీ, ఈసారి గొంతు తగ్గించి.

ఆమె చేతుల్లోంచి రెండు కుండీలూ తీసుకుని వెనక ఉన్న పెట్టెలో పెట్టాను. తర్వాత వరసలో రెండో మనిషి దగ్గరికి నడిచి, అదే మాట మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.